ఉత్తరం ఉంటే ఎర్ర రిబ్బను

ఊటపాలెం ఏరియా ఆసుపత్రికి రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వులు రావడం వింతేం కాదు. వారానికి నాలుగొస్తాయి, నాలుగూ ఫైల్లోకి పోయి అక్కడే ముసలివైపోతాయి. దీని ఖర్మేమిటోగాని, దీన్ని సూపరింటెండెంటు నరసింగరావు గారు చదివారు. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఉత్తర్వులో ఉన్నది మంచి మాటే, కాదనను. ఊటపాలెం హైవే పక్కనుంది. లారీ గుద్దినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు, మేడ మీంచి జారినవాళ్ళు రోజూ క్యాజువాలిటీకి వస్తూనే ఉంటారు. అలా వచ్చినవాళ్ళని వచ్చిన వరసలో కాకుండా గాయం తీవ్రతని బట్టి చూడవలెనని ఆ కాగితం చెప్పింది. అనుభవమున్న నర్సు గుమ్మంలోనే పరీక్షించి చేతికి రంగు పట్టీ కట్టవలెను. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి ఎరుపు, కాసేపు ఆగగలిగినవాళ్ళకి పసుపు, చిన్న గాయాలకి ఆకుపచ్చ. ప్రాణం పోయాక వచ్చినవాళ్ళకి నలుపు. రంగుకో గది. అంతే.

హెడ్ నర్సు దీవెనమ్మ దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడకి ఇరవై ఏడేళ్ళ సర్వీసు, అందులో పంతొమ్మిది క్యాజువాలిటీ గుమ్మంలోనే. మనిషి మొహం రంగు చూసి, ఊపిరి చప్పుడు విని, చేతి చల్లదనం పట్టుకుని ఎవడు ఆగగలడో ఎవడు ఆగలేడో చెప్పేస్తుంది. చెప్పినా వినే దిక్కు లేకే ఇన్నాళ్ళూ ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"ఒరేయ్ నూకరాజూ, ఇన్నాళ్ళకి క్యాజువాలిటీ మొహం చూసినవాడెవడో కలం పట్టాడ్రా," అంది స్ట్రెచర్ తోసే నూకరాజుతో.

"ఆయ్, మంచిదేనండమ్మగారూ. మరి పట్టీలు పంపారాండి?"

పంపలేదు. 'స్థానికంగా సమకూర్చుకోవలెను' అని ఆఖర్న ఒక ముక్క రాశారు.

ఊటపాలెంలో ఏది సమకూర్చుకోవాలన్నా ఒకటే గుమ్మం. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అధ్యక్షులు గంగాధరరామయ్య గారిది. ఆయనకి షామియానాల వ్యాపారం. పందిళ్ళు, కుర్చీలు, మైకు, స్వాగత తోరణం అన్నీ ఆయన దగ్గరే అద్దెకి దొరుకుతాయి. ప్రారంభోత్సవాల రిబ్బను ఆయన గోడౌన్లో కట్టలు కట్టలుగా ఉంటుంది. నాలుగు రంగుల్లో నాలుగు పెద్ద చుట్టలు ఉదారంగా పంపించారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఊటపాలెంలో ఎర్ర రిబ్బనంటే మామూలు గుడ్డముక్క కాదు. నీళ్ళ ట్యాంకుకి, బస్సు షెల్టరుకి, ఆఖరికి సంతలో కట్టిన మరుగుదొడ్లకి కూడా ఎర్ర రిబ్బనే కట్టారు. వెల్వెట్టు పళ్ళెంలో ఇత్తడి కత్తెర తెచ్చారు, గంగాధరరామయ్య గారు కత్తిరించారు, జనం చప్పట్లు కొట్టారు. సభలో ముఖ్య అతిథుల గుండెల మీద గుచ్చేది ఆ రిబ్బను పువ్వే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరు నేర్చుకున్నదేమిటంటే, ఎర్ర రిబ్బను పెద్దవాళ్ళకి. రాజధానిలో ఉత్తర్వు రాసినవాడికి ఈ ముక్క తెలియదు. తెలిసిన సూపరింటెండెంటు గారికి తట్టలేదు.

పథకాన్ని ప్రారంభించడానికి సభ పెట్టారు. ఎర్ర గది గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టి, గంగాధరరామయ్య గారి చేత కత్తిరింపించి, జ్ఞాపకంగా ఆ ఇత్తడి కత్తెరని ఆసుపత్రికే బహూకరించారు.

"రంగులవారీ క్షతగాత్ర వర్గీకరణ పథకాన్ని త్రికరణశుద్ధిగా అమలుపరచి, ఊటపాలెం పేరు దశదిశలా మారుమోగేలా చేస్తామని ఈ శుభసందర్భంలో సవినయంగా మనవి చేసుకుంటున్నాను," అన్నారు సూపరింటెండెంటు గారు.

వెనక వరసలోంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్ శ్రావణ్ చెయ్యెత్తాడు. "సార్, ఎర్ర గదికి ఆక్సిజన్ పైపు ఎప్పుడు బిగిస్తారండీ?"

ప్రారంభోత్సవం రోజున పైపుల గురించి అడగడమేమిటి, అశుభం! మర్నాడే అతన్ని ఆకుపచ్చ గదికి వేశారు. 'అత్యుత్సాహం గల యువ వైద్యులు చిన్న గాయాలతో అనుభవం గడించుట శ్రేయస్కరం' అని ఆర్డరులో రాశారు. ఎర్ర గది బాధ్యత స్వయంగా సూపరింటెండెంటు గారే తీసుకున్నారు. ఆయన రోగి నాడి పట్టుకుని తొమ్మిదేళ్ళయింది.

పథకం నిఖార్సుగా నడిచింది ఒక్కటే పూట. మధ్యాహ్నం మూడింటికి గంగాధరరామయ్య గారి బావమరిది బుల్లబ్బాయి గారు కారులో దిగారు. గడప తగిలి ఎడం కాలి బొటనవేలి గోరు చిట్లింది. ఇద్దరు చంకల్లో చేతులేసి పట్టుకున్నారు, ఒకడు గొడుగు పట్టాడు. దీవెనమ్మ వేలు చూసింది, తుడిచింది, చేతికి ఆకుపచ్చ రిబ్బను కట్టింది.

బుల్లబ్బాయి గారు ఆ రిబ్బను చూసుకున్నారు. పక్కన స్ట్రెచర్ మీద తల పగిలిన ఆటో డ్రైవరు చేతికున్న ఎర్ర రిబ్బనూ చూశారు.

"ఏంటమ్మా ఇది? ఆటోవాడికి ఎరుపూ, నాకు పచ్చా?"

"అతనికి తల పగిలిందండీ. మీకు గోరు."

"ఎవరి గోరు? అది చూడవా?"

ఫోను వెళ్ళింది. సూపరింటెండెంటు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. దీవెనమ్మని పక్కకి పిలిచి ఎంతో ఓపిగ్గా చెప్పారు. "సిస్టర్, గాయం తీవ్రత ఒక్కటే చూస్తే ఎలా? మనిషి తీవ్రత కూడా చూడాలి కదా!"

సాయంత్రానికల్లా వివరణ ఉత్తర్వు గోడకెక్కింది. 'తీవ్రత అను పదమునకు గాయపు తీవ్రత మరియు వ్యక్తి తీవ్రత అని రెండు విధములుగా అర్థము చేసుకొనవలెను. రెండింటికిని వైరుధ్యము ఏర్పడినచో వ్యక్తి తీవ్రతయే ప్రమాణము.'

అదిగో, అక్కణ్ణుంచి ఊరు ఊరంతా ఎరుపెక్కింది.

బుల్లబ్బాయి గారికి ఎరుపొచ్చిందని తెలిసి ఆయన వియ్యంకుడికి ఒళ్ళు మండింది. మర్నాడు వేలు కోసుకుని వచ్చాడు, ఎరుపు పుచ్చుకునే వెళ్ళాడు. ఆయనకిచ్చి మాకివ్వరా అని వర్తక సంఘం కార్యదర్శి వచ్చాడు. ఈయనకి గాయం కూడా లేదు, 'తగలబోయింది' అన్నాడు. ఊళ్ళో పచ్చ రిబ్బను కట్టించుకున్నవాడు నలుగుర్లో తలెత్తుకోలేని రోజులొచ్చాయి. పెళ్ళిచూపులకి వెళ్ళిన ఒక కుర్రాడి చేతికి పచ్చ రిబ్బను కనపడి, కబురు చేస్తామని చెప్పి పంపేశారట. పసుపు గదికైతే ఒక్క పురుగు రాలేదు. అటూ ఇటూ కాని రంగు ఎవడికి కావాలి?

అడిగినవాళ్ళందరికీ ఇస్తే ఎరుపుకి విలువేముంటుందని కమిటీ కూర్చుని ఆలోచించింది. గంగాధరరామయ్య గారి లెటర్‌హెడ్డు మీద సంతకంతో ఉత్తరం తెచ్చినవారికే ఎరుపు ఇవ్వవలెనని తీర్మానించారు. ఆయన మనసు మెత్తన, అడిగినవాడికి లేదనలేరు. రోజుకి నలభై ఉత్తరాలు రాసేవారు. ఎర్ర గది ముందు వరస పోర్టికో దాటింది. అప్పుడు జరీ అంచు ఎరుపు పుట్టింది. జరీ వాళ్ళు మామూలు ఎరుపు కంటే ముందు. వారం తిరక్కుండా జరీ వరస కూడా పోర్టికో దాటింది.

ఇంత పెద్దవాళ్ళు వచ్చే గది బోసిగా ఉంటే ఏం బావుంటుంది? ఏసీ పెట్టారు. సోఫాలు వేశారు. టీవీ తగిలించారు. చోటు చాలక ఆక్సిజన్ సిలిండర్లు, గొంతులో అడ్డుపడ్డవి లాగే మిషను, గుండె చప్పుడు చూపించే తెర, రక్తం సీసాల ఫ్రిజ్జు అన్నీ బయటికి నెట్టారు. వాటిని చూస్తే ఆసుపత్రికి వచ్చినట్టుందని వచ్చినవాళ్ళు బాధపడుతున్నారట! అవన్నీ ఎక్కడ పెట్టాలో తెలియక నూకరాజు ఖాళీగా ఉన్న ఆకుపచ్చ గదిలోకి చేర్చాడు. వెల్వెట్టు పళ్ళెంతో సహా ఇత్తడి కత్తెర కూడా అక్కడికే వెళ్ళింది. డాక్టర్ శ్రావణ్ ఆ సామాన్ల మధ్య ఒక్కడే కుర్చీ వేసుకుని ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

నెలాఖరు నివేదిక రాజధానికి వెళ్ళింది. 'ఎరుపు వర్గమునకు చెందిన అత్యంత విషమ క్షతగాత్రులు వెయ్యిన్ని నూటపన్నెండు మంది. మరణములు సున్న.' అంతటి ఘనత ఏ ఆసుపత్రికీ లేదు. అభినందనల వర్షం కురిసింది. ఉత్తమ ఆసుపత్రి జ్ఞాపిక ఊటపాలేనికే అని ఖాయమైంది. గోరు చిట్లినవాళ్ళంతా బతికి బట్టకట్టారు మరి!

మరి నిజంగా దెబ్బ తగిలినవాళ్ళ సంగతి?

ఒకరోజు పొద్దున్నే పరదేశి అనే గీత కార్మికుణ్ణి ఆటోలో వేసుకొచ్చారు. తాడిచెట్టు మీంచి జారి కింద రాళ్ళ మీద పడ్డాడు. ఒంటి మీద పెద్ద గాయం కనపడలేదు. కాని మొహం సున్నంలా పాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా చెమట. నాడి పరుగెడుతోంది. పొట్ట రాయిలా బిగిసింది. లోపలెక్కడో రక్తం పోతోందని దీవెనమ్మకి క్షణంలో అర్థమైంది. ఎర్ర గదికి పరిగెత్తింది.

గుమ్మంలో బల్లేసుకున్న గుమాస్తా తలెత్తలేదు. "ఉత్తరం ఉందాండీ?"

"చచ్చిపోతున్నాడయ్యా!"

"అది లోపల డాక్టరు గారు తేలుస్తారు. నేను చూసేది ఉత్తరం. అయినా వీడు తాడిచెట్టెందుకెక్కినట్టు?"

"దూడగడ్డికి! పక్కకి తప్పుకో!"

తప్పుకోలేదు. లోపల సోఫాల్లో పాతికమంది జరీ అంచులవాళ్ళు కాఫీ తాగుతున్నారు. సూపరింటెండెంటు గారు ఒకాయన మోచేతి మీద దోమకాటుని భూతద్దంతో చూస్తున్నారు. పరదేశి పెళ్ళాం గుమ్మంలో కూలబడి "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా" అని దీవెనమ్మ పాదాల మీద పడింది. దీవెనమ్మ ఆమెని లేవనెత్తింది. ఏసుప్రభువా, ఏం చెయ్యను అనుకుంటూ చుట్టూ చూసింది.

ఎదురుగా ఆకుపచ్చ గది కనపడింది. వరస లేదు, గుమాస్తా లేడు. సిలిండర్లున్నాయి, రక్తముంది, చేతిలో పని లేక ఏడవబోతున్న డాక్టరున్నాడు.

దీవెనమ్మ జేబులోంచి చుట్ట తీసి పరదేశి చేతికి ఆకుపచ్చ రిబ్బను కట్టింది. "నూకరాజూ, తొయ్యి!"

శ్రావణ్ దిగ్గున లేచాడు. అతను చదువుకున్న చదువంతా ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టుంది. ముందు గొంతులో దారి ఉందా, తర్వాత ఊపిరి ఆడుతోందా, తర్వాత రక్తం ఎక్కడ పోతోంది, తర్వాత స్పృహ, ఆఖర్న బట్టలు తీసి ఒళ్ళంతా. ఒకటి చక్కబెట్టకుండా రెండోదానికి పోలేదు. మెడకి పట్టీ వేశాడు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టాడు, రెండు చేతులకీ లావుపాటి సూదులు ఎక్కించాడు, రక్తం మొదలుపెట్టి సర్జన్‌ని పిలిపించాడు. గంటలో పరదేశి ఆపరేషన్ బల్ల మీదున్నాడు. పదకొండో రోజున నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఆ రోజు నుంచి దీవెనమ్మ లెక్క మార్చేసింది. కాలు విరిగి ఎముక బయటికొచ్చినవాడికి పచ్చ. ట్రాక్టరు కింద పడ్డవాడికి పచ్చ. ఊపిరాడనివాడికి ముదురు పచ్చ. ఎర్ర గదిలో ఎర్రవాళ్ళు టీవీ చూసుకుంటుంటే, పచ్చ గదిలో ప్రాణాలు నిలబడుతున్నాయి. ఎవరికీ అడ్డు లేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

వచ్చింది ఆడిటుకి. ఒక మెమో దిగింది దీవెనమ్మ మీద. 'స్వల్ప గాయములైన ఆకుపచ్చ వర్గమున నలభై ఆరు సీసాల రక్తము, పదిహేడు ఆపరేషన్లు వినియోగమైనట్లు గమనించడమైనది. స్వల్ప గాయమునకు ఇంత రక్తమెందులకు? వర్గీకరణయందు తమరి దుర్విచక్షణ స్పష్టము. ఇకపై తీవ్రత గల ఏ వ్యక్తికైనను పొరపాటున ఆకుపచ్చ కట్టినచో తమరు తక్షణము సస్పెండు చేయబడుదురు.'

రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగం మీద మచ్చ పడకుండా బయటపడాలన్నది ఆవిడ ఒకే ఒక్క ఆశ. ఆ మెమో మడిచి రిబ్బను చుట్టతో పాటే జేబులో పెట్టుకుంది. రిబ్బను తీసినప్పుడల్లా మెమో కూడా చేతికి తగిలేది.

"మానేస్తారా సిస్టర్?" అన్నాడు శ్రావణ్.

"మానేసి? ఆ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండమంటారా?" అని కసిరింది గాని, ఆ పూట అన్నం సయించలేదు.

ఉత్తమ ఆసుపత్రి జ్ఞాపిక అందుకునే రోజు వచ్చింది. ఆసుపత్రి ఆవరణలోనే సభ. షామియానా గంగాధరరామయ్య గారిదే. స్వాగత తోరణం ఆయనదే, మైకు కూడా ఆయనదే. ఆయన మెరుస్తున్న పట్టు లాల్చీ తొడుక్కుని, గుండె మీద చేమంతి పువ్వంత ఎర్ర రిబ్బను గుచ్చుకుని వేదిక ఎక్కారు.

"ఈ ఎర్ర రిబ్బను నా ప్రాణం!" అన్నారు మైకులో.

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపుకో, గాలికో, లేకపోతే అద్దెకిచ్చి ఇచ్చి అరిగిపోయిన తాడుకే విసుగొచ్చిందోగాని, షామియానా ముందు స్తంభం ఒరిగింది. లావుపాటి ఇనుప గొట్టం. సరిగ్గా వచ్చి అధ్యక్షులవారి ఛాతీ మీద పడింది.

హాహాకారాలు. ఆయన్ని నలుగురూ ఎత్తి స్ట్రెచర్ మీద వేసేసరికి దీవెనమ్మ పరిగెత్తుకొచ్చింది. మొహం నీలం తిరుగుతోంది. ఛాతీ ఒకవైపే లేస్తోంది, రెండోవైపు కదలడం లేదు. మెడ నరాలు ఉబ్బిపోయాయి. నోరు తెరుస్తున్నారు, మాట రావడం లేదు. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తిని గుచ్చింది. గాలి లోపలే చిక్కుకుని నొక్కేస్తోంది. నిమిషాల్లో పని.

"ఎరుపు! జరీ ఎరుపు!" అని అరుస్తున్నారు బుల్లబ్బాయి గారు. "మా బావగారండీ! తప్పుకోండి, తప్పుకోండి!"

ఎర్ర గది గుమ్మం దాకా స్ట్రెచర్ వెళ్ళింది. ఆగింది. వరసలో నలభై మూడుమంది జరీ అంచులవాళ్ళు. ఒక్కడూ జరగలేదు. ఎవరికి వారు ఉత్తరం ఎత్తి చూపిస్తున్నారు.

"నాది అధ్యక్షుల వారి స్వదస్తూరీ అండీ," అన్నాడొకడు.

"అధ్యక్షులవారే ఈయన!" అని గొంతు చించుకున్నారు బుల్లబ్బాయి గారు.

"అయితే ఆయనకి తెలియదాండీ రూలు? ఆయనే పెట్టారు కదా!"

గుమాస్తా నిష్పక్షపాతంగా బల్ల మీద చెయ్యి చాపాడు. "ఉత్తరం?"

ఆ ప్రశ్న ఎవరూ ముందు ఆలోచించలేదు. ఉత్తరాలు రాసే మనిషికి ఉత్తరం ఎవరు రాయాలి? సూపరింటెండెంటు గారు తర్జనభర్జన పడ్డారు. "లెటర్‌హెడ్డు తెప్పించండి. సంతకం చెయ్యలేకపోతే వేలిముద్ర చెల్లుతుందేమో చూద్దాం. రూలంటే అందరికీ రూలే. జ్ఞాపిక ఇచ్చేవారు చూస్తున్నారు కూడాను!" అన్నారు. ఒకడు లెటర్‌హెడ్డు కోసం, ఇంకొకడు ఇంకుప్యాడు కోసం పరుగెత్తారు.

దీవెనమ్మ జేబులో చెయ్యి పెట్టింది. ముందు మెమో తగిలింది. సూపరింటెండెంటు గారు ఇటే చూస్తున్నారు. పదకొండు నెలలు. ఇతని ఉత్తరాల వల్ల కాదూ పరదేశి పెళ్ళాం నా కాళ్ళ మీద పడింది అని ఒక్క క్షణం మనసు చేదెక్కింది కూడా. మనిషి కదా.

అంతలో స్ట్రెచర్ మీద గొరగొరమని ఊపిరి కోసం గింజుకోవడం వినపడింది. ఇక మెమో లేదు, గిమో లేదు. ఆకుపచ్చ రిబ్బను లాగి ఆయన మణికట్టుకి కట్టేసింది.

"ఏయ్! ఏంటిది?" బుల్లబ్బాయి గారు ఆ రిబ్బను పట్టుకుని పీకబోయారు. "మా బావగారికి పచ్చా? ఊళ్ళో తలెత్తుకోనక్కర్లేదా?"

"సిస్టర్! సస్పెండు చేస్తాను!" అన్నారు సూపరింటెండెంటు గారు.

"చేసుకోండి సార్. చేతికి రిబ్బను కట్టాలా, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టాలా, అది ముందు చెప్పండి!" అని అరిచింది దీవెనమ్మ. ఇరవై ఏడేళ్ళలో పై అధికారి మీద అరవడం అదే మొదలు.

అప్పుడు గంగాధరరామయ్య గారు కళ్ళు తెరిచారు. ఎర్ర గది ముందున్న నలభై మూడుమందినీ చూశారు. వాళ్ళ ఉత్తరాలన్నీ ఆయన రాసినవే. ఎవడికి దోమ కుట్టిందో, ఎవడికి అదీ లేదో, ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే. చచ్చినా వాళ్ళు జరగరని కూడా ఆయనకే తెలుసు. తర్వాత ఎదురుగా ఖాళీ గుమ్మంలో చేతులకి తొడుగులేసుకుని నిలబడ్డ కుర్ర డాక్టర్ని చూశారు. బుల్లబ్బాయి గారు పీకుతున్న పచ్చ రిబ్బనుని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నారు, వదల్లేదు.

"తొయ్యరా నూకరాజూ!" అని కేకేసింది దీవెనమ్మ.

పచ్చ గదిలో అంతా క్షణాల్లో జరిగింది. లాల్చీ తియ్యడానికి వీల్లేదు. ఆసుపత్రి కత్తెర్లు మొద్దుబారాయి, పట్టు తెగలేదు. దీవెనమ్మ వెల్వెట్టు పళ్ళెంలోంచి ఇత్తడి కత్తెర లాగింది. గుండె మీది ఎర్ర పువ్వుతో సహా లాల్చీని బొడ్డు దాకా కత్తిరించేసింది. ఆ కత్తెర పనికొచ్చిన కత్తిరింపు అదొక్కటే. శ్రావణ్ ఛాతీ తడిమి, రెండు ఎముకల మధ్య లావుపాటి సూది గుచ్చాడు. టైరులోంచి గాలి పోయినట్టు బుస్సుమంది. నీలం తిరిగిన మొహంలోకి మెల్లగా రంగు వచ్చింది. ఆ తర్వాత గొట్టం వేశారు, మిగతావన్నీ వరసగా చేశారు.

ఇంకుప్యాడు అప్పుడే వచ్చింది. ఎవరికిద్దామా అని చూస్తూ నిలబడ్డాడు తెచ్చినవాడు.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గంగాధరరామయ్య గారు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి లేచారు. పచ్చ రిబ్బను మణికట్టు నుంచి తియ్యనివ్వలేదు. దీవెనమ్మని పిలిచి రెండు చేతులూ జోడించారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "తల్లీ, నాకు కళ్ళు తెరిపించావమ్మా. ఇన్నాళ్ళూ గుడ్డివాణ్ణి," అన్నారు. మెమో అక్కడే చింపించేశారు. పోన్లే, రంగులకి ఇప్పటికైనా మంచిరోజులొచ్చాయి అనుకుని దీవెనమ్మ ఆ ఆదివారం చర్చిలో ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగించింది.

సోమవారం పొద్దున్న క్యాజువాలిటీకి వచ్చేసరికి ఎర్ర గది బావురుమంటోంది. ఆకుపచ్చ గది ముందు వరస పోర్టికో దాటింది. నూకరాజు సోఫాలు మోసుకొస్తున్నాడు.

వరసలో అందరికంటే ముందు బుల్లబ్బాయి గారున్నారు. తుమ్మితే నడుం పట్టేసిందట. చేతిలో కొత్త లెటర్‌హెడ్డు, దాని మీద చక్కటి ఆకుపచ్చ అంచు. 'ఈ ఉత్తరము తెచ్చినవారు నాకు మిక్కిలి ఆప్తులు. వీరికి ఆకుపచ్చ రిబ్బను ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. ప్రాణముల విలువ తెలిసినవాడనై రాయుచున్నాను. ఇట్లు, గంగాధరరామయ్య.'

దీవెనమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన చేతికి పచ్చ రిబ్బను పువ్వులా ముడేసి కట్టింది. గుమ్మంలోంచి శ్రావణ్ బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"డాక్టర్ గారూ, సిలిండర్లు పసుపు గదిలోకి తోయించండి. రక్తం ఫ్రిజ్జు కూడా. ఆ గదికి ఇంతవరకూ ఎవరూ రాలేదు, మనకో రెండు మూడు నెలలు గడిచిపోతాయి," అంది మెల్లగా.

"ఆ తర్వాతండీ?"

"ఆ తర్వాత ఎర్ర గది ఖాళీ అవుతుంది లెండి. తిరుగుతూ ఉందాం."

సొరుగు తెరిచి దుమ్ము పట్టిన పసుపు చుట్ట బయటికి తీసింది. దాని వెనకాల విప్పని నల్ల చుట్ట కనపడింది. బుల్లబ్బాయి గారు మెడ సాచి చూశారు. ఎవరికీ దక్కనిది ఎక్కడున్నా ఆయన కంట పడకుండా పోదు.

"ఆ నల్లది ఇంతవరకూ ఎవరి చేతికీ చూడలేదే! చాలా ప్రత్యేకమా? దానికెవరి ఉత్తరం కావాలి సిస్టర్?"

దీవెనమ్మ సొరుగు మూసింది.

"దానికి ఉత్తరం అక్కర్లేదండీ," అంది. "అందరికీ వస్తుంది."